పసుపెక్కని గుంట

అరటి రైతులు ఆమెను పసుపక్క అనేవారు. లోకమంతా పసుపును శుభం అంటుంది గాని, ఆమె పనిచేసే గదిలో పసుపు రంగు తేలిందంటే ఎవరి తోటకో మూడిందన్న మాట. ఆకు ముక్కలు తడిగుడ్డలో చుట్టుకుని వచ్చినవాళ్లు వరండాలో బల్ల మీద కూర్చుని, తలుపు తెరుచుకోగానే ఆమె ముఖం కేసి చూసేవాళ్లు. "పసుపా, తెలుపా అక్కా?" అని అడిగేవాళ్లు. ఆమె ఒక్క మాటలో చెప్పేది. తెలుపైనా సరే, నవ్వుతూ చెప్పేది కాదు. ఒకరికి నవ్వుతూ చెబితే ఆ పక్కనున్నవాడికి నవ్వకుండా చెప్పాల్సి వస్తుంది, చెప్పకముందే వాడి గుండె జారిపోతుంది అనేది.

ఆమెకు పదేళ్లున్నప్పుడు తండ్రి పోయాడు. అన్నయ్యకు అప్పటికి పదిహేడు. తల్లి అంతకు ముందే లేదు. అన్నయ్య గెలలు మోసే పనికి వెళ్లి చెల్లెల్ని చదివించాడు. కోసిన గెలను భుజాన వేసుకుని, బురద గట్ల మీదుగా లారీ దాకా నడవాలి. ఏళ్ల తరబడి మోసి మోసి అతని కుడి భుజం ఎడమదానికంటే అంగుళం కిందికి దిగిపోయింది. ఆ తేడా కనిపెట్టి చొక్కా కుట్టిన దర్జీ ఒక్కడే. ఆ దర్జీకే తర్వాత చెల్లెల్నిచ్చి పెళ్లి చేశాడు. పరాయివాడి భుజాన్ని అంత శ్రద్ధగా చూసినవాడు పెళ్లాన్ని చూడకపోతాడా అన్నది అతని లెక్క. ఆ లెక్క తప్పలేదు.

ఇరవయ్యో ఏట ఆమె అరటి తెగుళ్ల పరిశోధనశాలలో గాజు సామాను కడిగే పనికి చేరింది. కడిగిన గాజు మీద నీరు చుక్కలు చుక్కలుగా నిలవకూడదు. పలచటి పొరలా జారిపోవాలి. చుక్క నిలిచిందంటే అక్కడ జిడ్డు మిగిలినట్టు. ఆమె కడిగిన సామానులో చుక్క నిలిచేది కాదు. ఏడాది తిరిగేసరికి ఆ సంగతి అక్కడి పెద్ద శాస్త్రవేత్త గమనించాడు. అందరూ ఆయన్ని పెద్ద సార్ అనేవారు. మనిషి పొట్టి, పేరు మాత్రం పెద్దది అని ఆయనే నవ్వేవాడు. ఆయన ఆమెను కడిగే తొట్టి దగ్గర్నుంచి పరీక్ష చేసే బల్ల దగ్గరికి మార్చాడు.

ఆ పరీక్ష దేనికో ఆయన మొదటిరోజే కూర్చోబెట్టి చెప్పాడు. వైరస్ సోకిన అరటి మొక్క మొదట్లో నిక్షేపంలా ఉంటుంది. ఆకు పచ్చగా ఉంటుంది, కాండం బలంగా ఉంటుంది. నెలలు గడిచాక గాని తలలో ఆకులు సన్నగా, నిటారుగా, గుత్తిలా లేచి రావు. దాన్నే వెర్రితల తెగులు అంటారు. అది పట్టిన మొక్క మంచి గెల వెయ్యదు. దానికి మందు లేదు. ఆ మొక్క పిలకల్లోనూ అదే ఉంటుంది. పేనుబంక దాని రసం పీల్చి పక్క మొక్క మీద వాలితే అక్కడికీ పాకుతుంది. కాబట్టి మొక్క బాగున్నట్టు కనిపిస్తున్నప్పుడే జబ్బు పట్టుకోవాలి. కంటికి కనపడనిదాన్ని పట్టుకోవడానికి కుందేళ్లు సాయం చేస్తాయి.

భవనం వెనక కుందేళ్ల గది ఉండేది. జబ్బు మొక్కలోంచి వైరస్‌ను వేరుచేసి కుందేలుకు కొద్దికొద్దిగా ఎక్కించేవారు. కుందేలుకు ఆ జబ్బు రాదు. కాని ఒంట్లోకి పరాయిదేదో దూరిందని దాని రక్తం కనిపెట్టి, దాన్ని పట్టుకునే యాంటీబాడీలను తయారుచేసుకుంటుంది. "మనకి టోపీ పెట్టినవాడు సంతలో వెయ్యిమంది మధ్యలో ఉన్నా మనం గుర్తుపట్టమా? ఇదీ అంతే," అన్నాడు పెద్ద సార్. ఆకు రసంలో ఎన్ని వేల పదార్థాలున్నా ఆ యాంటీబాడీలు ఆ ఒక్క వైరస్‌నే పట్టుకుంటాయి. కుందేలు చెవి నరం నుంచి రక్తం తీసే రోజున ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని కళ్లకు చెయ్యి అడ్డం పెట్టేది. అది ఆమె పని కాదు. అయినా ఆ రోజున వేరే పని పెట్టుకునేది కాదు.

పరీక్షంతా అరచేతిలో పట్టే ఒక ప్లాస్టిక్ పలకలో జరుగుతుంది. అందులో తొంభై ఆరు గుంటలు, ఒక్కోటి బఠాణీ గింజ పట్టేంత. గుంటల అడుగున ముందు యాంటీబాడీని పట్టిస్తారు. ఆకును చిన్న రోట్లో నూరి, ఆ రసం చుక్కలు వేసి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచుతారు. రసంలో వైరస్ ఉంటే అడుగున అంటుకుపోతుంది. మర్నాడు కడిగేసి, రంగు తెప్పించే మరో యాంటీబాడీ వేస్తారు. మళ్లీ కడిగి, చివరి మందు పోస్తారు. వైరస్ ఉన్న గుంట పసుపెక్కుతుంది, లేనిది నీళ్లలా ఉండిపోతుంది. ప్రతి పలకలోనూ జబ్బు ఉందని ముందే తెలిసిన ఆకు రసం ఒక గుంటలో వేస్తారు. ఆమె దానికి సాక్షి అని పేరు పెట్టింది. సాక్షి నోరు విప్పాలి, అంటే పసుపెక్కాలి. ఎక్కకపోతే ఆ పలక చెప్పే ఏ మాటనూ నమ్మకూడదు.

పదహారేళ్లు ఆమె ఆ బల్ల దగ్గర పనిచేసింది. తర్వాత జరిగింది ఇది.

ఆ వారం రెండు రోజులు భవనానికి కరెంటు లేదు. మూడో రోజు ఉదయం కరెంటు వచ్చింది, ఫ్రిజ్ మళ్లీ చల్లబడింది, ఎవరూ దాని గురించి ఆలోచించలేదు. ఆ మధ్యాహ్నమే ఒక నర్సరీ నుంచి ముప్ఫై ఎనిమిది తల్లి మొక్కల ఆకులు వచ్చాయి. ఆ తల్లి మొక్కల కణజాలం నుంచే సీసాల్లో వేల మొక్కలు పెంచి రైతులకు ఇస్తారు. తల్లి మొక్క మంచిదని ఇక్కడ ముద్ర పడితే తప్ప నర్సరీ పని మొదలవదు. మర్నాడు ఆమె పలక పూర్తిచేసింది. సాక్షి గుంట మామూలుగా ఇరవై నిమిషాల్లో గాఢమైన పసుపు అవుతుంది. ఆ రోజు గంట గడిచినా నిమ్మతొక్క లోపలి రంగులో ఉంది. ఉందీ లేదూ అన్నట్టు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆమె అది చూసింది. చూడకుండా పొరపాటు పడలేదు. చూసి, ఇవాళ గది చల్లగా ఉంది, రంగు నెమ్మదిగా వస్తోంది అనుకుంది. రంగును అంకెల్లో కొలిచే మిషన్‌లో పెడితే సాక్షి అంకె, పరీక్ష చెల్లుతుందనే గీతకు వెంట్రుకవాసి పైన నిలబడింది. దాటింది కదా అనుకుంది. మిగతా ముప్ఫై ఎనిమిది గుంటలూ తెల్లగా ఉన్నాయి. పదహారేళ్లలో తన చెయ్యి తప్పలేదన్న ధైర్యం కూడా పక్కన నిలబడి సంతకం పెట్టించింది.

రెండేళ్లు దాటి, ఆ నర్సరీ మొక్కలు తయారై బయటికి వచ్చేనాటికి అన్నయ్య మొట్టమొదటిసారి కౌలుకు పొలం తీసుకున్నాడు. ముప్ఫై ఏళ్లు ఇతరుల గెలలు మోశాను, ఒక్కసారైనా నా గెల నేను మోస్తానన్నాడు. ఏ మొక్కలు పెట్టమంటావని చెల్లెల్ని అడిగాడు. ఆమె ఆ నర్సరీ పేరు చెప్పింది. "తల్లి మొక్కలు నేనే చూశానన్నయ్యా. కళ్లు మూసుకుని పెట్టుకో," అంది. అన్నయ్య అక్కడితో ఆగలేదు. తెలిసిన రైతులు పదిమంది ఇళ్లకు వెళ్లి, మా చెల్లెలు చూసిన మొక్కలు అని చెప్పి వాళ్ల చేతా అవే పెట్టించాడు. గెలలు మోసేవాడు ఒక మాట చెబితే పది తోటలు వినడం అతనికి అదే మొదలు.

అయిదు నెలలకు అన్నయ్య ఒక ఆకు తెచ్చాడు. ఆకు కాడ మీద ముదురాకుపచ్చ గీతలు, చుక్కలు. సాక్షి గుంటతో పోటీపడి అది పసుపెక్కింది. తర్వాతి పదిరోజుల్లో మిగతా పదిమందీ ఒకరి వెనక ఒకరు వచ్చారు. పేనుబంక తెచ్చిందని అందరూ అనుకున్నారు. ఎవరి తోట నుంచి ఎవరి తోటకు వచ్చిందని వరండాలో తగువులాడుకున్నారు. నర్సరీ మీద గాని, పరీక్ష మీద గాని ఎవరికీ అనుమానం రాలేదు. పసుపక్క చూసిన మొక్కలాయె.

పదకొండో ఆకు పసుపెక్కిన రోజున ఆమె పాత రిజిస్టరు తీసింది. ఆ తేదీ ఎదురుగా, తన చేతిరాతలో, సాక్షి అంకె 0.21 అని ఉంది. ముందు పేజీలోనూ వెనక పేజీలోనూ ఆ అంకె ఒకటి దాటి ఉంది. కరెంటు పోయిన రెండు రోజులు, ఫ్రిజ్‌లో ఉన్న యాంటీబాడీ సీసాలు అప్పుడు గుర్తొచ్చాయి. వెచ్చబడి నీరసించిన యాంటీబాడీకి బలమైన జబ్బే మసగ్గా కనిపిస్తే, తల్లి మొక్కలో అప్పుడే మొదలైన జబ్బు ఏం కనిపిస్తుంది? రిజిస్టరు మూసి, చేతులు కడుక్కుని, మళ్లీ తెరిచి చూసింది. అంకె మారలేదు.

పెద్ద సార్ ఆ పేజీని, దాని ముందు వెనక పేజీల్ని తిప్పి చూశాడు. ఆయనకు పదవీ విరమణ మరో ఏడాదిలో ఉంది. పేనుబంక ఎక్కడి నుంచైనా తేవచ్చని, పదకొండు తోటలకు పదకొండు దారులుంటాయని, మిషన్ కూడా సరేనందని నెమ్మదిగా చెప్పాడు. "దీన్ని నువ్వు నెత్తిన వేసుకోవాల్సిన పని లేదమ్మా. రుజువు లేదు," అన్నాడు.

"రుజువు బీరువాలో ఉంది సార్," అందామె.

పరీక్షకు వచ్చిన ప్రతి ఆకులోనూ ఒక ముక్క ఎండబెట్టి, తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో దాచడం అక్కడి పద్ధతి. ఆ ముప్ఫై ఎనిమిది పొట్లాలూ ఉన్నాయి. కొత్త యాంటీబాడీతో మళ్లీ చేసింది. రెండు రోజులూ పెద్ద సార్ ఆమె పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. సాక్షి గుంట పావుగంటలో పసుపెక్కింది. దానితోపాటు మరో అయిదు గుంటలు. ఆ అయిదు తల్లి మొక్కల నుంచి ఎన్ని వేల పిల్లలు పుట్టాయో ఇద్దరూ పైకి అనలేదు.

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. రైతులకూ నర్సరీకీ తాను ఉత్తరం రాస్తానన్నాడు. తన పేరు రాయమందామె. "సంస్థ పేరే రాస్తాను. నీ పేరు చెప్పుకోవాలనుకుంటే నువ్వే చెప్పుకో. అది నేను రాసేది కాదు," అన్నాడాయన.

ఇంటికి వెళ్లి భర్తతో చెప్పింది. అతను కుట్టు మిషన్ మీద కాలు ఆపి విన్నాడు. వింటూ కుట్టని సందర్భాలు అతనికి తక్కువ. "కత్తెర తప్పు పడితే అతుకు వేసైనా కుట్టొచ్చు. కాని ముందు గుడ్డ తెచ్చినవాడికి చెప్పాలి. వాడి గుడ్డ కదా," అన్నాడు. ఆమె చీకటి పడకముందే అన్నయ్య తోటకు బయల్దేరింది.

అన్నయ్య గుత్తితల లేచిన మొక్కల్ని వరసలో గుర్తుపెట్టుకుంటున్నాడు. వాటిని మాత్రం తీసేస్తే మిగతావి నిలబడతాయని నమ్ముతున్నాడు. బాగున్నవాటి పిలకలు దాచి మళ్లీ పెట్టుకుంటానన్నాడు. వదిన గట్టు మీద ఎండుటాకులు కట్టకడుతోంది. ఆమె అన్నయ్య ఎదురుగా నిలబడింది.

"అన్నయ్యా, ఇది పేనుబంక తెచ్చింది కాదు. మొక్కల్లోనే వచ్చింది."

అతను చేతిలో కత్తిని మొక్కకు ఆనించి పెట్టాడు. "నువ్వు చూశానన్నావు."

"చూశాను. సరిగ్గా చూడలేదు."

జరిగిందంతా చెప్పింది. నిమ్మతొక్క రంగు దగ్గర్నుంచి ఏదీ దాచలేదు. అతను మధ్యలో అడ్డురాలేదు. చివర్లో మాత్రం, ఇది ఇంకెవరికి తెలుసని అడిగాడు. సార్‌కు తెలుసని, తాను వెతక్కపోతే ఎవరికీ తెలిసేది కాదని చెప్పింది.

"మరెందుకు చెప్పావు?"

"బాగున్నాయనుకున్నవాటి పిలకలు నువ్వు దాచుకుంటావు. పదిమందికి ఇస్తావు. అవి బాగున్నవి కాకపోవచ్చన్నయ్యా."

అన్నయ్య మొక్కకు ఆనించిన కత్తిని తిరిగి చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత చెప్పాడు. "నువ్వు తప్పు చేశావని నాకు కోపం లేదు. గెల మోసేవాడికి కాలు జారదా? కాని వాళ్ల గుమ్మాలెక్కి చెప్పింది నేను. ఇప్పుడు మళ్లీ ఆ గుమ్మాలెక్కాల్సింది కూడా నేనే."

తానూ వస్తానందామె. అతను తల అడ్డంగా ఊపాడు. మర్నాడు ఉదయం ఒక్కడే పది ఇళ్లకూ వెళ్లి వచ్చాడు. ఏ ఇంట్లో ఏమన్నారో వదినకు కూడా చెప్పలేదు. ఒక ఇంటివాళ్లు, అన్నాచెల్లెళ్లకు ముందే తెలిసి చేశారన్నారని తర్వాత ఎవరి ద్వారానో తెలిసింది. ఆ రోజు నుంచి అన్నయ్య చెల్లెలితో మాట్లాడడం మానేశాడు.

పరిశోధనశాల హాల్లో రైతులందర్నీ పిలిచారు. పెద్ద సార్ మాట్లాడి కూర్చున్నాక ఆమె లేచి, ఆ పరీక్ష చేసింది తానేనని, రంగు చూసి కూడా సంతకం పెట్టింది తానేనని చెప్పింది. ముందు వరసలో ఉన్న ముసలి రైతు, ముద్ర చూసి పెట్టాం, ముద్రకు కళ్లుండవని ఇప్పుడు తెలిసిందన్నాడు. ఒకరిద్దరు అంతకంటే పెద్ద మాటలే అన్నారు. వెనక వరసలో అన్నయ్య తల వంచుకుని కూర్చున్నాడు. చివరికి పదిమందిలో ఒక్కర్తే అయిన ఆడ రైతు చెయ్యెత్తింది. "తిట్లు తర్వాత తిడదాం, అవెక్కడికీ పోవు. ఇప్పుడు ఏం చెయ్యాలో చెప్పమనండి," అంది.

చెయ్యాల్సింది చాలా ఉంది. పదకొండు తోటల్లో ప్రతి మొక్క ఆకూ పరీక్ష చెయ్యాలి. పది మొక్కల ఆకులు కలిపి ఒక గుంటలో వేసి, అది పసుపెక్కితే ఆ పదీ విడివిడిగా చూడాలి. జబ్బున్న మొక్కను ఊరికే పీకితే దాని మీది పేనుబంక లేచి పక్కదాని మీద పడుతుంది. అందుకని ముందు పేనుబంకకు మందు కొట్టాలి, తర్వాత మొక్కను చంపాలి, ఆ తర్వాత దుంపతో సహా తవ్వి ముక్కలు చెయ్యాలి. నర్సరీవాళ్లు ఆ తల్లి మొక్కల్ని, వాటి నుంచి సీసాల్లో ఉన్నవాటిని తీసేశారు.

పైవాళ్లు ఆమెను పరీక్ష బల్ల నుంచి తప్పించి ఏడాదిపాటు మళ్లీ గాజు సామాను కడిగే పనికి పంపారు. ఆమె పగలు తొట్టి దగ్గర నిలబడేది. సెలవు రోజుల్లో, సాయంత్రాల్లో తోటలకు వెళ్లి ఆకులు కోసి, సంచుల మీద వరస అంకె, మొక్క అంకె రాసి తెచ్చేది. బదిలీ మీద వచ్చిన తోటి ఉద్యోగిని ఒకామె ఆ బల్ల దగ్గర పరీక్షలు చేసేది. పసుపక్క కడిగిన గాజులోనే.

అన్నయ్య తోటకు కూడా వెళ్లేది. అతను వద్దనలేదు, రమ్మనలేదు. ఒకే వరసలో అతను తవ్వుతుంటే ఆమె నాలుగడుగుల దూరంలో ఆకులు కోసేది. వాళ్లిద్దరి మధ్యా మాటలు వదిన మీదుగా నడిచేవి. ఈ వరస అయిపోయిందేమో కనుక్కోమని అన్నయ్య వదినతో అనేవాడు. అయిపోయిందని చెప్పమని ఆమె వదినతో అనేది. రెండు వారాలు మోశాక వదిన నడుం మీద చేతులేసుకుని నిలబడింది. "నేనేమన్నా టెలిఫోన్ తీగనా? నా చెవులు బాగానే ఉన్నాయి, మీ ఇద్దరి చెవులూ బాగానే ఉన్నాయి," అంది. అన్నయ్య నవ్వలేదు. గునపం తీసుకుని మరో వరసకు వెళ్లిపోయాడు. ఆ తర్వాత మాటలు కూడా లేవు, పని మాత్రం జరిగింది.

అన్నయ్య తోటలో తొమ్మిది వందల మొక్కలకు మొదటి విడతలో రెండు వందల నలభై పోయాయి. రెండో విడతలో అంతకంటే ఎక్కువ పోయాయి. మూడో విడతకు ఆకులు కోస్తుంటే అతను వచ్చి సంచి అందుకుని పక్కన పెట్టాడు. ఇక వద్దని చేత్తో సైగ చేశాడు. మిగిలినవన్నీ తనే తీసేశాడు. కౌలు వదులుకుని మళ్లీ గెలలు మోసే పనికి వెళ్లాడు. అప్పటికి నలభై ఎనిమిదేళ్లు. పదకొండు తోటల్లో ఏడు నిలబడ్డాయి. మూడు సగమయ్యాయి. ముద్రకు కళ్లుండవన్న ముసలి రైతు మళ్లీ అరటి పెట్టనే లేదు. చనిపోయేదాకా ఎక్కడ కనిపించినా ఆమె పలకరించేది. ఆయన తలూపేవాడు, అంతే.

ఏడాది తర్వాత ఆమెను తిరిగి బల్ల దగ్గరికి రమ్మన్నప్పుడు, రానంది. పెద్ద సార్ విరమణకు ముందు చివరి వారం అది. ఎందుకు రానంటున్నావని ఆయన కసరలేదు. నువ్వు లేకపోతే సాక్షి మసకబారినప్పుడు దాని విలువ తెలిసినవాళ్లు ఇక్కడ ఎవరున్నారని అడిగాడు. ఆమె రెండు రోజులు ఆలోచించి, కొన్ని మాటలు కాగితం మీద రాసిచ్చి, ఇవి ఒప్పుకుంటే వస్తానంది. సాక్షి అంకె గీత దాటితే చాలదు, ఎప్పుడూ ఉండే చోటికి రావాలి. రాకపోతే పలక పారేసి మళ్లీ మొదలుపెట్టాలి. కరెంటు పోయిన ప్రతిసారీ ఫ్రిజ్ తలుపు మీద రాయాలి. ప్రతి ఫలితం మీదా ఇద్దరి సంతకాలుండాలి. తమ బంధువుల ఆకులు తాము పరీక్షించకూడదు. సార్ చదివి ఒప్పుకున్నాడు. ఆ పరిశోధనశాలలో ఇప్పటికీ అదే పద్ధతి.

మాటలు లేకుండా మూడేళ్లు గడిచాయి. ఈ మూడేళ్లలో వదిన వచ్చేది, వెళ్లేది. అన్నయ్య చొక్కాలు ఎప్పటిలాగే ఆమె భర్త దగ్గరే కుట్టించుకునేవాడు, ఆమె ఇంట్లో లేని వేళ చూసుకుని. అతను వచ్చి వెళ్లిన సంగతి భర్త చెప్పేవాడు కాదు. బల్ల మీద కొలతల కాగితం మాత్రం తీయకుండా వదిలేసేవాడు. ఆమె చూసి, మడిచి, సొరుగులో పెట్టేది.

ఒక ఉదయం ఆమె తలుపు తెరిచేసరికి వరండా బల్ల మీద ఎనిమిదిమంది రైతులున్నారు. చివర్లో అన్నయ్య. ఒళ్లో తడిగుడ్డ మూట. జుట్టు సగం నెరిసింది. మళ్లీ కొద్దిపాటి పొలం కౌలుకు తీసుకున్నాడని వదిన చెప్పగా విన్నది గాని, మొక్కలు పెట్టాడని తెలియదు. ఆమె ఒక్కొక్కరి దగ్గరా మూట తీసుకుని అంకె వేసుకుంటూ చివరిదాకా వచ్చింది. అన్నయ్య మూట చాచాడు.

"ఇరవై ఆకులున్నాయి. నువ్వే చూడు. ఇంకొకరికి ఇవ్వకు," అన్నాడు. మూడేళ్ల తర్వాత మొదటి మాట.

ఆమె మూట అందుకోలేకపోయింది. చేతులు వెనక్కి పెట్టుకుంది. "నీ ఆకులు నేను చూడకూడదన్నయ్యా. రూలు."

"ఎవరు పెట్టారా రూలు?"

"నేనే."

అన్నయ్య ఆమె కేసి చూశాడు. పక్కనున్న రైతులు కూడా చూశారు. వెళ్లిపోతాడనుకుంది. అతను మూటను బల్ల మీద పెట్టి, మెడ మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకుంటూ చాలాసేపు తువ్వాలు తియ్యలేదు. తీశాక, "మంచి రూలే," అన్నాడు. తోటి ఉద్యోగిని వచ్చి మూట తీసుకుంది.

ఫలితం ఎప్పుడని అడిగాడు. రేపు మధ్యాహ్నమని చెప్పింది. ఇంటికి వెళ్లి రావడానికి దూరం కదా అంది. అవును దూరమే అన్నాడు. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి ఆమె ఇంటికి నడిచారు. భర్త మిషన్ దగ్గర్నుంచి లేచి, ఏమీ జరగనట్టు, బావగారికి కుర్చీ వేసి, ఈసారి చొక్కాకు జేబు లోపల కుట్టమంటారా బయట కుట్టమంటారా అని అడిగాడు. అన్నంలో అన్నయ్య రెండోసారి వడ్డించుకున్నాడు. పాత తోట మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తకూడదని కాదు, దానికి ఇక చెప్పుకోవాల్సిందేమీ మిగల్లేదు.

మర్నాడు ఆమె ఆ గదిలోకి వెళ్లలేదు. వరండాలో అన్నయ్య పక్కనే బల్ల మీద కూర్చుంది. పదహారేళ్లూ, ఆ తర్వాత ఇన్నేళ్లూ తలుపు లోపలి నుంచి బయటికి రావడమే గాని, అక్కడ కూర్చుని ఎదురుచూడడం ఆమె ఎరగదు. బల్ల అంచు గీరుకుపోయి ఉంది. ఎవరెవరి గోళ్లో తెలియదు. తలుపు తెరుచుకున్నప్పుడు ఆమె కూడా అందరిలాగే తోటి ఉద్యోగిని ముఖం కేసి చూసింది.

పంతొమ్మిది తెలుపు, ఒకటి పసుపు.

అన్నయ్య ఆ ఒకటి ఏ వరసలోదని అడిగాడు. ఆకుకు కట్టిన చీటీ మీద అంకె చూసి చెప్పారు, మూడో వరస, ఏడో మొక్క. సాక్షి ఎలా ఉందని ఆమె అడిగింది. బాగా పసుపెక్కిందని చెప్పారు. ఇద్దరి సంతకాలున్న కాగితం మడిచి అన్నయ్య జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే వెళ్లారు. మూడో వరస ఏడో మొక్క మోకాలెత్తు ఉంది. ఆకులు పచ్చగా నిగనిగలాడుతున్నాయి, చూస్తే కొట్టాలనిపించదు. వదిన, ఇది నిజంగా జబ్బుదేనా అని రెండుసార్లు అడిగింది. నిజమేనంది ఆమె. అన్నయ్య ముందు పేనుబంక మందు కొట్టాడు, చుట్టుపక్కల మొక్కలకు కూడా. మూడు రోజులు ఆగి, మొక్కను చంపి, దుంప చుట్టూ తవ్వాడు. ఆమె సెలవు పెట్టి వచ్చి రెండోవైపు నుంచి తవ్వింది. దుంప బయటికి వచ్చాక ముక్కలు నరికి ఎండలో పరిచారు. గోతిలో చిన్న పిలక మొన కూడా మిగలకుండా అన్నయ్య చేత్తో మట్టి తడిమి చూశాడు. ఆమె కూడా తడిమి చూసింది.

"వచ్చే నెల మళ్లీ తెస్తాను," అన్నాడు గట్టెక్కుతూ.

"తీసుకురా. వరసలో కూర్చోవాలి."

"కూర్చుంటా."

రెండో నెల అన్నీ తెలుపే. మూడో నెలా తెలుపే. నాలుగో నెల అయిదో వరసలో ఇంకొకటి పసుపెక్కింది. దాన్నీ తీసేశారు.